కెమెరా మేలా, కాపలా మేలా?

పొద్దున్నే పొలానికి వెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కింద దొర్లి ఉంది. మూత ఊడదీశారు, నూనె మట్టిలో ఇంకిపోయింది, లోపలి రాగి చుట్ట లేదు. ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు మా ఊళ్లో ఇది రెండోసారి. అంతకుముందు రొయ్యల చెరువుల మీద మోటార్లు పోయాయి. ఆ సాయంత్రం రామాలయం అరుగు మీద ఊరు రెండుగా చీలింది. చందా వేసుకుని కెమెరాలు పెడదామని కుర్రాళ్లు, పోలీసుల్ని కలుపుకుని గస్తీ తిరుగుదామని పెద్దాళ్లు. చివరికి రెండూ చేశాం.

కెమెరాల్ని తీసిపారేయడానికి లేదు. నలభై ఏళ్ల పరిశోధనల్ని కలిపి చూసిన 2019 సమీక్షలో కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గినట్టు తేలింది. ఎక్కువ ఫలితం కనిపించింది బండ్లు నిలిపే చోట్ల. కొట్లాటల మీద పెద్దగా లేదు. తెర ముందు మనిషి కూర్చుని చూస్తుంటేనే లాభం ఎక్కువ. మా ఊళ్లో ఆ మనిషెవరు? పైగా చెరువు కట్ట మీది కెమెరాకి కరెంటు వచ్చేది పొలం లైనులోంచే. దొంగ చేసే మొదటి పని లైనులో కరెంటు ఆపే ఏబీ స్విచ్ దించడం. దాంతో కెమెరా కూడా కళ్లు మూసుకుంటుంది.

గస్తీకి ఇంటికొకరు, రాత్రికి నలుగురు. టార్చీ, ఈల. బీట్ కానిస్టేబుల్ రాత్రి ఒంటిగంటకి వచ్చి మాతో టీ తాగి పుస్తకంలో సంతకం పెట్టేవాడు. నంబరు లేని ఆటో కనపడితే నేరుగా ఆయనకే ఫోను. ఆ నాలుగు నెలలూ ఒక్క తీగ ముక్క పోలేదు. తర్వాత ఆయనకి బదిలీ అయింది. గస్తీ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లే మిగిలాయి. మా బాబాయి తన వంతుకి కూలి మనిషిని పంపడం మొదలుపెట్టాడు.

ఇది మా ఒక్క ఊరి కథేమీ కాదు. బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో కమ్యూనిటీ పోలీసింగ్‌ను, అంటే పోలీసులు జనాన్ని కలుపుకుని పనిచేసే పద్ధతిని, పరీక్షించి 2021లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు వేశారు. నేరాలు తగ్గలేదు, పోలీసుల మీద నమ్మకమూ పెరగలేదు. వాళ్లు చూపిన కారణాల్లో పోలీసుల బదిలీలు ఒకటి, చేతిలో వనరులు లేకపోవడం ఇంకొకటి. మీటింగు పెట్టి ఫొటో దిగితే దొంగకేం భయం?

గస్తీలో ఇంకో చిక్కుంది. 2018 మేలో దొంగల ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు లేస్తే, ఊళ్లలో కొత్త మొహం కనపడిన పాపానికి కొట్టారు. కావలి అంటేనే కాపలా. ఆ పేరే ఉన్న నెల్లూరు జిల్లా కావలి ఊళ్లో తెల్లవాళ్ల కాలంలో ఎరుకలవాళ్లని నేరస్థ జాతి అని ముద్రవేసి సెటిల్‌మెంటులో పెట్టారు. ఆ ముద్ర వేసిన చట్టం దేశమంతా 1952లో పోయింది, అనుమానం మాత్రం పోలేదు. మా గస్తీవాళ్లు కూడా ముందు ఆపింది పాత ఇనుం కొనుక్కునే సైకిలు మనిషినే.

నన్నడిగితే నెల్లూరులోనో ఒంగోల్లోనో తాళం వేసి ఊరెళ్లే ఇంటికి కెమెరానే మేలు. తాళం వేసిన ఇళ్ల మీద కన్నేసే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో ముందుగా చెబితే వాళ్లే కెమెరా బిగించి కనిపెడతారు, పైసా ఖర్చు లేదు. పొలాలకీ చెరువులకీ గస్తీయే, కానీ పేరు తెలిసిన పోలీసు ఒకడుంటేనే. ఇక తాగొచ్చి కొట్టే మొగుడి సంగతి కెమెరాకీ అందదు, ఈలకీ అందదు. స్టేషన్ గడప తొక్కని ఆడవాళ్లు గ్రామ సచివాలయంలో మహిళా పోలీసుతో చెప్పుకోవడం నేను చూశాను.

మోటారు షెడ్డు గోడ మీద పాత కానిస్టేబుల్ నంబరే ఇంకా ఉంది. కొత్తాయనది రాయమని బాబాయికి రెండుసార్లు చెప్పాను. పెయింటు లేదంటాడు.