1967 నాటి మూడు క్రైమ్ సినిమాలు: ముందు ఏది చూడాలి?

ఒకే ఏడాది, మూడు దేశాలు. ఫ్రాన్స్‌లో జాన్-పియేర్ మెల్విల్ ‘లె సమురాయ్’, జపాన్‌లో సీజున్ సుజుకి ‘బ్రాండెడ్ టు కిల్’, అమెరికాలో జాన్ బూర్మన్ ‘పాయింట్ బ్లాంక్’. మూడింట్లోనూ హీరో నేరగాడే, మాట తక్కువ మనిషే. కల్ట్ క్రైమ్ సినిమాలు మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఎవరైనా ఈ మూడింటి పేర్లే చెబుతారు. ఏ వరసలో చూడాలో మాత్రం చెప్పరు. చాలామంది మధ్యలోనే ఆపేయడానికి కారణం సినిమా కాదు, ఆ వరసే.

మొదట ‘పాయింట్ బ్లాంక్’. నిడివి 92 నిమిషాలు. కథ ఒక్క ముక్కలో చెప్పొచ్చు: దోస్తు మోసం చేసి, అల్కట్రాజ్ జైలు గదిలో కాల్చి, వాటా సొమ్ము 93 వేల డాలర్లు, పెళ్లాన్నీ పట్టుకుపోతాడు. వాకర్ (లీ మార్విన్) తిరిగొచ్చి తన డబ్బు తనకివ్వమంటాడు. ఒక్క డాలరు ఎక్కువ అడగడు. తీరా ఆ నేరముఠా పైవాళ్ల దాకా వెళ్తే అక్కడ నగదే ఉండదు, అంతా చెక్కుల లెక్కే. కాలం ముందుకీ వెనక్కీ దూకుతున్నా, ఈ బాకీ వసూలు ఉంది కాబట్టి చూసేవాళ్లు దారి తప్పరు. ఒక్కో సన్నివేశాన్నీ బూర్మన్ దాదాపు ఒకే రంగు కుటుంబంలో తీశాడు. ఒకచోట ఆఫీసు గోడలు, సూట్లు, టైలు అన్నీ ఆకుపచ్చే. అది తెరమీద కొట్టొచ్చినట్టు కనిపించదు, మనసు మీద మాత్రం పనిచేస్తుంది. భార్యతో సోఫా మీద కూర్చునే సీన్‌లో వాకర్ ఒక్క ప్రశ్నా వెయ్యడు, ఆమె మాత్రం వరసగా జవాబులు చెబుతూ పోతుంది. ఇంకో పని చేయండి: వాకర్ స్వయంగా ఎంతమందిని చంపాడో లెక్కపెట్టుకుంటూ చూడండి. అసలు ఇతను బతికే ఉన్నాడా అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఒక్కటే చూసే ఓపిక ఉంటే మాత్రం ‘లె సమురాయ్’. మా ఓటు దానికే. కాకపోతే మొదటి పది నిమిషాల్లో దాదాపు మాటే ఉండదు. ఆ పది నిమిషాలూ ఫోన్ పక్కన పెట్టలేకపోతే ఇది మీకు ‘స్లో సినిమా’గానే మిగిలిపోతుంది.

కారు దొంగతనం సీన్ చూస్తే మెల్విల్ పద్ధతి అర్థమవుతుంది. కిరాయి హంతకుడు జెఫ్ కోస్టెల్లో (అలెన్ డెలాన్) వానలో నిలిపి ఉన్న సిట్రోయెన్ కారులో కూర్చుంటాడు. పెద్ద తాళాల గుత్తి తీసి పక్క సీటు మీద పెట్టుకుంటాడు. ఒక్కో చెవీ పెట్టి చూస్తాడు; చూపు మాత్రం అద్దంలోంచి ముందుకే. తొందరా లేదు, చెమటా లేదు. తర్వాత గ్యారేజీలో నంబరు ప్లేటు మారుతుంది, కాగితాలు చేతికొస్తాయి, తుపాకీ వస్తుంది, డబ్బు చేతులు మారుతుంది. ఒక్క మాటా ఉండదు. కాసేపయ్యాక పోలీసులు అతని గది తలుపు తీసేదీ అలాంటి గుత్తితోనే, అలాగే ఒక్కో చెవీ పెట్టి చూసే. దొంగకీ పోలీసుకీ పనితనంలో తేడా లేదని డైలాగు లేకుండానే తేలిపోతుంది. వాళ్లు మైకు పెట్టి వెళ్లిన సంగతి జెఫ్‌కి చెప్పేది పంజరంలో పిట్ట, దాని బెదురు. ఆ కిచకిచ సినిమాలో సగం సమాచారం. ఫోన్ స్పీకర్‌లో అది పోతుంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. టీవీలో ‘వివిడ్’ మోడ్ తీసేయండి, బ్రైట్‌నెస్ పెంచకండి. బూడిద, నీలం తప్ప మరో రంగు వద్దనే తీసిన సినిమా ఇది.

ఇక ‘బ్రాండెడ్ టు కిల్’. ఇది ఆఖరునే చూడాలి, ఎందుకంటే పై రెండూ నేర్పిన నియమాలన్నిటినీ ఇది ఎగతాళి చేస్తుంది. కిరాయి హంతకులకు ర్యాంకులుంటాయి, మన హీరో (జో షిషిడో) మూడో నంబరు. ఉడికే అన్నం వాసన పీలిస్తే గానీ ప్రాణం లేచిరాదు. తుపాకీ గొట్టం మీద సీతాకోకచిలుక వాలడంతో గురి తప్పుతుంది, ఉద్యోగమూ ప్రాణమూ ప్రమాదంలో పడతాయి. ఒక హత్యైతే వాష్ బేసిన్ పైపులోంచి పైకి కాల్చి! షాట్‌కీ షాట్‌కీ మధ్య మెట్టు లేకపోవడం దీని తీరు. ప్రింటులో ముక్క పోయిందేమోనని వెనక్కి తిప్పకండి, పోలేదు. దీన్ని తీయించిన నిక్కట్సు స్టూడియో అధిపతికీ ఇది అర్థం కాలేదు. 1968లో సుజుకిని తీసేశారు. ఆయన కోర్టుకెక్కాడు, 1971లో రాజీ కుదిరింది, మళ్లీ సినిమా వచ్చింది 1977లో. నగ్న దృశ్యాలు, ఆడవాళ్ల మీద హింస ఉన్నాయి కాబట్టి ఇంట్లో అందరితో కూర్చుని చూసేది కాదు.

బూర్మన్, సుజుకి సినిమాలు రెండూ వెడల్పాటి 2.35 నిష్పత్తిలో (ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పు) తీసినవి. టీవీ తెరకు సరిపోయేలా నిండుగా కనిపించే ప్రింటైతే రెండు పక్కలా కలిపి దాదాపు పావు వంతు బొమ్మ ఎగిరిపోయినట్టే. పైనా కిందా నల్ల పట్టీలుంటే సరైన ప్రింటని గుర్తు. ఫ్రెంచ్, జపనీస్ సినిమాలకు ఇంగ్లిష్ డబ్బింగ్ వద్దు, సబ్‌టైటిల్స్‌తోనే.

రెండోసారి చూడ్డానికైతే మళ్లీ ‘లె సమురాయ్’కే. చివర్లో క్లబ్‌కి వెళ్లినప్పుడు జెఫ్ కౌంటర్‌లో టోపీ ఇచ్చి, దాన్ని తిరిగి తీసుకోవడానికిచ్చే టోకెన్ తీసుకుంటాడో లేదో గమనించండి. మొదటిసారి అది ఎవరి కంటా పడదు. అమెరికా దర్శకుడు జిమ్ జార్ముష్ ‘ఘోస్ట్ డాగ్’ (1999) చూడాలనుంటే ఈ మూడూ అయ్యాకే. పైపు హత్య సుజుకి నుంచి, తెల్ల గ్లవ్స్ మెల్విల్ నుంచి తెచ్చుకున్నాడు. ముందే చూసేస్తే అసలు వాటి సర్‌ప్రైజ్ పోతుంది.