నాలుగు స్మాల్ బ్యాచ్ బోర్బన్లు, చివరి పెగ్గు దాకా

ఇక్కడ చూస్తున్నవి బోర్బన్, అంటే మొక్కజొన్న ఎక్కువగా వేసి కాచే అమెరికా విస్కీ, సీసాలు నాలుగు: నాబ్ క్రీక్ 9 ఏళ్లది (ఆల్కహాల్ 50 శాతం), ఎలైజా క్రెయిగ్ స్మాల్ బ్యాచ్ (47 శాతం), ఫోర్ రోజెస్ స్మాల్ బ్యాచ్ (45 శాతం), బాసిల్ హేడెన్ (40 శాతం). నాలుగూ అమెరికాలోని కెంటకీ రాష్ట్రానివే. మూత తీసిన రోజు నుంచి సీసా అడుక్కి వచ్చేదాకా, నెలల తేడాతో, మళ్లీ మళ్లీ పక్కపక్కన పెట్టి రుచి చూశాక రాసిన మాటలివి. ముందే చెప్పేస్తున్నా: ఉన్నవి ఉన్నట్టు పోసుకుంటే వచ్చే వరస వేరు, నాలుగింటినీ ఒకే బలానికి తెచ్చి పోలిస్తే వచ్చే వరస వేరు. "స్మూత్‌గా ఉంది", "దమ్ముంది" అని మనం అనే మాటల్లో సగం ఆ విస్కీ గురించి కాదు, అందులో కలిపిన నీళ్ల గురించి.

ముందు ఆ "స్మాల్ బ్యాచ్", అంటే కొద్ది పీపాలే కలిపి నింపిన సరుకు అన్న మాట సంగతి. అమెరికా చట్టంలో ఈ మాటకి ఏ కొలతా లేదు. ఎలైజా క్రెయిగ్ వాళ్లు 200 పీపాలకు మించకుండా కలుపుతామంటారు. పీపా అంటే 53 గ్యాలన్లు, మన లెక్కలో 200 లీటర్లు. ఏళ్లు గడిచేసరికి సగం ఆవిరైపోయిందనుకున్నా 20,000 లీటర్లు మిగులుతుంది. 750 మి.లీ. సీసాల్లో నింపితే 26 వేలకు పైనే. అదీ "చిన్న" బ్యాచ్! ఈ పేరుకి ఊపు తెచ్చింది జిమ్ బీమ్ కంపెనీ. ఆ కంపెనీలో విస్కీ కాచే పెద్ద బుకర్ నో చేతి చలవతో వచ్చిన బుకర్స్‌తో పాటు నాబ్ క్రీక్, బేకర్స్, బాసిల్ హేడెన్‌లను కలిపి 1992లో స్మాల్ బ్యాచ్ కలెక్షన్ అని మార్కెట్లోకి దించింది. వాటిలో బేకర్స్ 2019 నుంచి సింగిల్ బ్యారెల్‌గా, అంటే ఒక్కో సీసాలో ఒకే పీపా సరుకుగా మారిపోయింది.

లేబుల్ మీద చట్టం కాపలా కాసే మాటలు వేరే ఉన్నాయి. బోర్బన్ అంటే గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతానికి మించని ఆల్కహాల్, సీసాలో 40కి తగ్గకూడదు. "స్ట్రెయిట్" అంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉంది, రంగు కలపలేదు. నాలుగేళ్లలోపుదైతే వయసు రాసి తీరాలి. "బాటిల్డ్ ఇన్ బాండ్" అంటే 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 50 శాతం. సీసా వెనక "డిస్టిల్డ్ బై" అని ఉందా, "బాటిల్డ్ బై" అని మాత్రమే ఉందా అన్నది కూడా చూడాలి. రెండోదైతే సరుకు ఇంకెవరో కాచింది అయ్యుండొచ్చు. ఇవి చూశాకే బొమ్మలు, మైనపు సీళ్లు, చేతిరాత అక్షరాలు.

ప్రూఫ్, అంటే ఆల్కహాల్ బలం చెప్పే కొలత దగ్గర మనవాళ్లు తరచూ తికమక పడతారు. మన ఐఎంఎఫ్ఎల్ (ఇక్కడే తయారయ్యే విదేశీ రకం మద్యం) సీసా మీద 42.8 శాతం అనో, 75 డిగ్రీల ప్రూఫ్ అనో, 25 యూపీ (అండర్ ప్రూఫ్, అంటే 100కి 25 తక్కువ) అనో ఉంటుంది. అది పాత బ్రిటిష్ లెక్క. అందులో 100 అంటే 57.1 శాతం. అమెరికా ప్రూఫ్ మాత్రం శాతానికి సరిగ్గా రెట్టింపు. కాబట్టి ఇక్కడి 75తో అక్కడి 80 పోల్చి "కాస్తే ఎక్కువ కదా" అనుకుంటే బోల్తా పడ్డట్టే. అక్కడి 80 అంటే 40 శాతం, మన మామూలు విస్కీ కన్నా తక్కువ. బాసిల్ హేడెన్ తాగి "అబ్బ, ఎంత మెత్తగా దిగిందో" అన్నవాళ్లకి అసలు కారణం అదే.

నాలుగింటి బలాన్నీ సమం చేయడం పెద్ద పనేం కాదు. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి ఒకటి తెచ్చుకోండి. గ్లాసుకి 15 మి.లీ. చాలు, నాలుగు గ్లాసులూ కలిపితే 60, అంటే ఒక లార్జ్. లెక్క ఇది: విస్కీ కొలతని దాని శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగిస్తే మొత్తం ఎంత కావాలో వస్తుంది, అందులోంచి విస్కీ తీసేస్తే నీళ్లు. 45కి తేవాలంటే 15 మి.లీ. నాబ్ క్రీక్‌కి 1.7 మి.లీ. నీళ్లు, ఎలైజా క్రెయిగ్‌కి 0.7, ఫోర్ రోజెస్‌కి ఏమీ అక్కర్లేదు. నాలుగింటినీ కలిపి చూడాలంటే అన్నిటికన్నా తక్కువున్న బాసిల్ హేడెన్ దగ్గరికే, అంటే 40కి దించాలి: నాబ్ క్రీక్‌కి 3.8, ఎలైజా క్రెయిగ్‌కి 2.6, ఫోర్ రోజెస్‌కి 1.9. నీళ్లు పోశాక గ్లాసు మీద చిన్న మూతో సాసరో పెట్టి పది నిమిషాలు వదిలేయాలి. పోసిన వెంటనే వాసన చూస్తే నీళ్లూ సారా విడివిడిగా ముక్కుకి కొడతాయి. బోరు నీళ్లు వద్దు, ఉప్పదనం నాలుక మీద తెలిసిపోతుంది. క్లోరిన్ వాసనొచ్చే కుళాయి నీళ్లు అసలే వద్దు. మామూలు ఆర్వో నీళ్లు చాలు.

గ్లాసు తులిప్ పువ్వులా పైకి సన్నబడేది అయితే మంచిది. అలాంటి గ్లెన్‌కెయిర్న్ విస్కీ గ్లాసు దొరక్కపోతే చిన్న వైన్ గ్లాసు. వెడల్పు మూతి టంబ్లర్లో వాసనంతా గదిలోకి పోతుంది. కడిగేటప్పుడు వేడి నీళ్లు మాత్రమే. సబ్బు వాసన గ్లాసు అడుగున నిలిచి ఉంటుంది, పాత గుడ్డతో తుడిస్తే ఆ ముక్కిపోయిన వాసన కూడా. అగరొత్తి వెలిగించిన గది, అప్పుడే తిరగమోత పెట్టిన వంటిల్లు పక్కన ఈ పని కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో 38 డిగ్రీల గదిలో పోస్తే ఆల్కహాల్ ముందుగా లేచి ముక్కు మండుతుంది, వెనక ఉన్నదేదీ పట్టుబడదు. అప్పుడు ఏసీ వేసుకోవాలి, లేదా సీసాని పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఐసు మాత్రం పోలికలో వద్దు. చల్లబడితే తీపీ వాసనా ముడుచుకుపోయి వగరే మిగులుతుంది.

మంచింగ్ కూడా అంతే. ఆవకాయ ముక్కో, మిరపకాయ బజ్జీయో తిన్న నోట్లో 50 శాతం విస్కీ పోస్తే నిప్పే. కారం ఏ నరాల్ని రెచ్చగొడుతుందో ఆల్కహాల్ కూడా వాటినే రెచ్చగొడుతుంది, రెండూ తోడైతే మంట రెట్టింపు. రుచి చూసే గంటసేపు ఉప్పు లేని మరమరాలో, చప్పటి బ్రెడ్డో పెట్టుకోండి. మొదటి గుక్క ఎప్పుడూ అబద్ధమే చెబుతుంది, నోరు ఇంకా అలవాటు పడదు. కాబట్టి తక్కువ బలమున్నది ఒక చెంచాడు ముందు పుక్కిలించి, ఆ తర్వాతే మార్కులు మొదలెట్టాలి. ముక్కుని గ్లాసులోకి దూర్చొద్దు. నోరు కాస్త తెరిచి, గ్లాసు అంచు పై పెదవికి ఆనించి పీల్చండి.

ఇక సీసాలు.

ఫోర్ రోజెస్ కథ లెక్కల కథ. ఆ డిస్టిలరీకి గింజల పాళ్లు రెండు: ఒకదాంట్లో రై అనే ఘాటు గింజ 20 శాతం, రెండోదాంట్లో 35. పులియబెట్టే ఈస్టులు అయిదు. రెండయిదులు పది రకాల విస్కీ. ప్రతిదానికీ నాలుగక్షరాల పేరు, ఉదాహరణకి ఓ-బీ-ఎస్-కే. అందులో రెండో అక్షరం గింజల పాళ్లని, చివరిది ఈస్టుని చెబుతాయి. స్మాల్ బ్యాచ్‌లో నాలుగు కలుస్తాయి: రెండు పాళ్లూ, ఓ, కే అనే రెండు ఈస్టులతో. ఓ ఈస్టు పండిన పళ్ల వాసనిస్తుంది, కే ఈస్టు మసాలా ఘాటు. సీసాలో రెండూ కనిపిస్తాయి: ముందు బాగా పండిన రేగుపండు, వెనకనుంచి మిరియం, కాస్త లవంగం. గోదాములు ఒకే అంతస్తువి కావడంతో పీపాకీ పీపాకీ వేడి తేడా తక్కువ. అందుకేనేమో ఏడాది తర్వాత కొన్న సీసా కూడా పాతదానిలాగే ఉంటుంది. లోపం ఒకటే: పళ్ల వాసన నిలవదు. సీసా మూడో వంతుకి దిగి రెండు మూడు నెలలైతే ఆ రేగుపండు పోయి పల్చటి బెల్లం నీళ్లు మిగులుతాయి.

ఎలైజా క్రెయిగ్ హెవెన్ హిల్ వాళ్లది. 78 శాతం మొక్కజొన్న, 12 బార్లీ మాల్టు, రై 10 మాత్రమే. ఒకప్పుడు 12 ఏళ్లని రాసేవాళ్లు. 2016లో ఆ అంకె తీసేశారు. ఇప్పుడు 8 నుంచి 12 ఏళ్ల పీపాలు కలుస్తున్నాయని కంపెనీ మాట. ఇక్కడ చెక్కదే పెత్తనం: ముదురు పాకం, వేయించిన ఎండుకొబ్బరి, చివర్లో వగరు. కొబ్బరి వాసన ఊహ కాదు, ఓక్‌లోని లాక్టోన్లనే పదార్థాలది. లవంగం వాసన కూడా చెక్కలోని యూజెనాల్‌దే, మన లవంగంలో ఉన్నదీ అదే. ఆ వగరు ఒక్కో బ్యాచ్‌లో పచ్చి అరటికాయ కోసిన చేతికి అంటుకున్నంత ఉంటుంది, ఇంకో బ్యాచ్‌లో అంత ఉండదు. ఒక సీసా నచ్చిందని అదే పేరుతో అరడజను కొనేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నాబ్ క్రీక్ మీద 9 ఏళ్లని రాసి ఉంటుంది. 2016లో తీసేసి 2020లో మళ్లీ పెట్టారు. గ్లాసులో పోయగానే వేయించిన పల్లీల పొట్టు ఊదినప్పటి వాసన. బీమ్ కుటుంబపు సరుకన్నిటికీ ఇది ఎంతో కొంత ఉంటుంది. కొందరికి ప్రాణం, కొందరికి అదే అడ్డు. తర్వాత కాల్చిన మొక్కజొన్న పొత్తు, మాడీ మాడని చక్కెర పాకం. ఉన్నదున్నట్టు తాగితే నాలుగింటిలో ఇదే గెలుస్తుంది, ఎన్నిసార్లు పోల్చినా. కానీ 45కి దించాక పాకం పల్చబడి పల్లీలు ముందుకొస్తాయి. అప్పుడు ఫోర్ రోజెస్ పైకి వచ్చి ఇది మూడో చోటికి జారుతుంది. అంటే దీని గొప్పలో కొంత భాగం బలానిదే. అలాగని తీసిపారేయక్కర్లేదు. పెద్ద ఐసు ముక్క వేసి, చెంచా చక్కెర, రెండు మూడు చుక్కల బిట్టర్స్ (చేదు మూలికల సారం)తో ఓల్డ్ ఫ్యాషన్డ్ కాక్‌టెయిల్ చేస్తే ఐసు కరిగాక కూడా నిలబడేది ఇదే. మిగతావి సగం గ్లాసుకే చప్పబడతాయి.

బాసిల్ హేడెన్‌కి రై 27 శాతం. కాగితం మీద చూస్తే మసాలా దుమ్ము రేపాలి. గ్లాసులో దాల్చినచెక్క మరిగించిన నీళ్లలా ఉంటుంది. మిగతావాటిని 40కి దించి పక్కన పెట్టినా ఇది పైకి రాదు, అక్కడే తేలిపోయింది దీని సంగతి. 8 ఏళ్లన్న అంకె 2014లో పోయింది, ధర మాత్రం మామూలుగా మిగతా మూడింటికన్నా ఎక్కువే. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఇదే గింజల పాళ్లతో అదే కంపెనీ ఓల్డ్ గ్రాండ్-డాడ్ బాండెడ్ అని 50 శాతంది అమ్ముతుంది. దాని లేబుల్ మీది ముసలాయన బాసిల్ హేడెనే! నాలుగు వంతుల ఓల్డ్ గ్రాండ్-డాడ్‌కి ఒక వంతు నీళ్లు కలిపితే సరిగ్గా 40 శాతం. ఆ గ్లాసుని దీని పక్కన పెట్టి చూడండి.

తేడా నిజంగా తెలుస్తోందా, పేరు చూసి తెలిసినట్టు అనిపిస్తోందా అన్నది తేల్చడానికి మూడు గ్లాసుల పరీక్ష చాలు. రెండిట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరేది. పోసేవారు వేరు, తాగేవారు వేరు, రెండు విస్కీలూ ఒకే శాతంలో ఉండాలి. వేరేది ఏదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడిట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి చెప్పగానే సంబరపడొద్దు. వరసగా నాలుగుసార్లు పట్టుకుంటే నమ్మొచ్చు, అలా ఊరికే తగిలే అవకాశం 81లో ఒకటి. ఫోర్ రోజెస్, నాబ్ క్రీక్ జతలో తేడా ఎవరికైనా దొరుకుతుంది. ఎలైజా క్రెయిగ్, నాబ్ క్రీక్ జత 45 దగ్గర గట్టి నోళ్లని కూడా తడబెడుతుంది.

సీసా దాచే సంగతికొస్తే, వైన్‌లా పడుకోబెట్టకూడదు. ఈ బలమున్న సారా బెండుని తినేస్తుంది. నిలబెట్టి, ఎండ తగలని అల్మరాలో పెట్టి, నెలకోసారి ఒక్క క్షణం తలకిందులు చేసి బెండు తడపండి, ఎండిపోతే తీసేటప్పుడు విరుగుతుంది. విరిగితే విస్కీ పాడైనట్టు కాదు: టీ వడగట్టే జాలిలో కాఫీ ఫిల్టర్ కాగితం పరిచి వేరే గాజు సీసాలోకి వడగట్టండి. సగం కన్నా కిందికి దిగిన ఫోర్ రోజెస్‌ని మాత్రం చిన్న సీసాలోకి అంచుదాకా నింపి మార్చేస్తే ఆ పళ్ల వాసన ఇంకొన్ని నెలలు నిలుస్తుంది. నాబ్ క్రీక్‌కి ఆ శ్రమ అక్కర్లేదు, గాలి తగిలాక మొదటి వారం కన్నా రెండో నెలే బాగుంటుంది.

ఇవి మన దగ్గరికి ఎక్కువగా అమెరికా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లోనే వస్తాయి. పన్ను లేకుండా మనిషికి 2 లీటర్లు. అంటే 750 మి.లీ. సీసాలు రెండు. మూత తీయనివే తేవాలి; 70 శాతం దాటినవి విమానంలో ఎక్కనివ్వరు. మెడ చుట్టూ వంటింటి ప్లాస్టిక్ రేకు నాలుగు చుట్లు చుట్టి, పైన టేపు వేసి, జిప్ కవర్లో పెట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ సర్దండి. బెండు మూతలు ఒత్తిడికి సందు వదులుతాయి, స్క్రూ మూత అయితే ఈ భయం తక్కువ.