హైవేకి చెరువు అడ్డొస్తే: కట్టా, స్తంభాలా, చుట్టుదారా?

కొత్త హైవే మ్యాపులో గీత ఎప్పుడూ నున్నగా, సూటిగా ఉంటుంది. ఆ గీత కింద ఒక వాగు, రెండు కుంటలు, ఒక చెరువు శిఖం (చెరువులో నీళ్లు నిలిచే నేల) పడ్డాయనుకోండి. అప్పుడున్న దారులు మూడు. మట్టి కట్ట పోసి మధ్య మధ్య తూములు పెట్టడం, స్తంభాలు లేపి రోడ్డును పైనుంచి తీసుకెళ్లడం, లేదా నీళ్ల జోలికి పోకుండా చుట్టూ తిప్పడం. చెరువు పూడ్చేసి బదులుగా ఇంకోచోట తవ్విస్తాం అనే నాలుగో మాట కూడా వినిపిస్తుంటుంది. దాని సంగతి తర్వాత.

ముందు కట్ట. మన దగ్గర ఎక్కువగా పోసేది ఇదే. మట్టి దగ్గర్లో దొరుకుతుంది, పని త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ. చిక్కల్లా వాగును గీత అనుకోవడంలో ఉంది. వాగు ఎండాకాలంలోనే గీత. ముసురు పట్టి నాలుగు రోజులు కురిస్తే అటూ ఇటూ పొలాల మీద పరుచుకుని పారుతుంది. అంత వెడల్పు నీళ్లను తీసుకొచ్చి ఒక్క తూములో దూరమంటాం.

మా ఊరి పక్కన రోడ్డు వెడల్పు చేసినప్పుడు దీన్ని కళ్లారా చూశాను. పాత రోడ్డు మోకాలెత్తే ఉండేది. వరదొస్తే నీళ్లు దాని మీదుగానే పొర్లిపోయేవి, రెండు మూడు గంటలు బస్సు ఆగేది, అంతే. కొత్త కట్ట మనిషికి మించిన ఎత్తు. కింద సిమెంటు పైపులు వేశారు, వాటి అడుగు వాగు ఇసుక కంటే జానెడు పైకి ఉంది. మొదటి వానాకాలమే పై పక్క వరి మునిగి కుళ్లింది, కింది పక్క కుంటకి మాత్రం నీళ్లు చాల్లేదు. పైపుల్లోంచి నీళ్లు దూకిన చోట పెద్ద గుంత పడింది. తొలకరికి ఎదురెక్కే చేపలు ఆ గుంత దగ్గరికొచ్చి, పైపులోకి ఎగరలేక అక్కడక్కడే తిరిగాయి. పిల్లలు తువ్వాళ్లతో పట్టారు. ఆ ఏడాది ఊరంతా చేపల కూరే. ఆ తర్వాత పై కుంటలో చేపలు కనబడటం తగ్గిపోయింది. పైపుల బదులు, అడుగు వాగు గర్భం కంటే కిందికి దించిన వెడల్పాటి బాక్సు కల్వర్టు పెట్టి ఉంటే దాని మీద ఇసుక పేరుకుని వాగు వాగులాగే ఉండేది.

ఇదే తప్పు పెద్ద ఎత్తున చూడాలంటే కొల్లేరు వెళ్లాలి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి అందులో పడతాయి, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమైంది. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల పట్టీ అయిన రామ్‌సర్ జాబితాకెక్కింది. ఏలూరు నుంచి కైకలూరు పోయే రోడ్డు దాని మధ్యలోంచే వెళ్తుంది. నీళ్లు వంతెనల ఖానాల్లోంచే, అంటే స్తంభాల మధ్య సందుల్లోంచే పోవాలి. ఆ ఖానాలకేమో గుర్రపుడెక్క వచ్చి అడ్డం పడుతుంది. ఆ రోడ్డు మీద పెద్ద ఎడ్లగాడి వంతెన దగ్గర దాన్ని తీయించడం వరదలప్పుడు మామూలు పనైపోయింది. 2024 సెప్టెంబరు వరదల్లో నీళ్లు ఆ రోడ్డు మీదికే ఎక్కి రాకపోకలు ఆగాయి. తప్పంతా రోడ్డుదే అననుగానీ (చేపల చెరువుల గట్లకూ అందులో పెద్ద వాటానే ఉంది), నీళ్లు పరుచుకునే చోట ఖానాలు లెక్కబెట్టి ఇస్తే ఏమవుతుందో అక్కడ తెలుస్తుంది.

అమెరికా వాళ్లూ ఈ పాఠం ఆలస్యంగానే నేర్చుకున్నారు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడికి అడ్డంగా తమియామి ట్రయల్ అనే రోడ్డు 1928లో తెరిచారు. అక్కడ నీళ్లు గడ్డి మధ్యన పలచటి పొరలా దక్షిణానికి జారతాయి. కట్ట ఆ పొరకి ఆనకట్టయింది. 2013లో ఒక మైలు మేర వంతెన కట్టి నీళ్లకి దారి వదిలారు, తర్వాత ఇంకో రెండు మైళ్లకు పైగా కట్టారు. ఒకే రోడ్డు ఖర్చు రెండుసార్లు.

స్తంభాల రోడ్డు అలా కాదు. లూసియానాలో అచఫలాయా చిత్తడి మీదుగా 1973 నుంచి పద్దెనిమిది మైళ్ల రోడ్డు స్తంభాల మీదే నడుస్తోంది. ఖర్చు కట్ట కంటే చాలా ఎక్కువ, ఒప్పుకోవాల్సిందే. కానీ దీనికున్న ఒక లాభాన్ని ఎవరూ లెక్కలో వేయరు. కట్ట రోడ్డయితే పక్కన ముందు దాబా వస్తుంది, తర్వాత పెట్రోలు బంకు, ఆ వెనకే శిఖంలో ప్లాట్ల రాళ్లు. స్తంభాల మీంచి పోయే రోడ్డుకి అడుగడుగునా దిగే దారి ఉండదు కాబట్టి ఆ బేరం నడవదు. ఒక్క జాగ్రత్త: పని కోసం లారీలు తిరగడానికి చిత్తడిలో పోసిన తాత్కాలిక మట్టి దారిని బిల్లు అయ్యేలోపు తీయించాలి. లేకపోతే పైన వంతెన, కింద కట్ట, రెండూ మిగులుతాయి.

ఇక చుట్టుదారి. చెరువు వరకైతే నా ఓటు దీనికే. అయితే ఎటువైపు తిప్పాలన్నది అసలు ప్రశ్న. పై పక్కనుంచి తిప్పితే చెరువులోకి దిగే చిన్నా చితకా వాగులన్నీ తెగుతాయి. చెరువు చెక్కుచెదరదు, నీళ్లు మాత్రం రావు. కింది పక్కనుంచి పోతే తెగేవి తూము కాలువలు, అలుగు వాగు. అవి ఎన్నో, ఎక్కడో ఊళ్లో అందరికీ తెలుసు, వాటికి వెడల్పుగా దారి ఇవ్వొచ్చు. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగే కింది చెరువుకి ప్రాణం. పై చెరువు తెగితే ఏమవుతుందో కూడా లెక్కలో ఉండాలి. 2005 అక్టోబరు 29న అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర చెరువు తెగిన నీళ్లకి రైలు కట్ట కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. వంద మందికి పైగా పోయారు.

కింది పక్క అంటే ఆయకట్టు. అంటే మంచి భూమి పోగొట్టుకునేది రైతు. నష్టపరిహారం, కోర్టు కేసులు, ధర్నాలు, అధికారులకి టెన్షన్. చెరువు శిఖం చాలావరకు సర్కారుది, అడిగేవాడు లేడు. గీత చెరువుల మీదుగా పోవడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. చట్టం కూడా పెద్దగా అడ్డుకోదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల్లో నదీ గర్భాలు, వరి పొలాలు, సాగు కోసం మనుషులు తవ్వుకున్న చెరువులు చిత్తడి నేలల లెక్కలోకే రావు. కొల్లేరుకి ఉన్న గొడుగు మన ఊరి చెరువుకి లేదు. రైతుకి మార్కెట్ ధర పెట్టి కొనడం స్తంభాలు లేపడం కంటే చవక పడే చోట్లు చాలానే ఉంటాయి, ఆ లెక్క ఒకసారి వేసి చూస్తే కదా.

చుట్టూ తిప్పే వీల్లేని పెద్ద సరస్సయితే స్తంభాలే. వాగయితే వరద వెడల్పంత వంతెన. చెరువుకి బదులు చెరువు తవ్విస్తామనే మాటకి నా దగ్గర ఓపిక లేదు. అమెరికా చట్టంలో కూడా ముందు తప్పించు, కుదరకపోతే తగ్గించు, అదీ కాకపోతేనే బదులివ్వు అనే వరుస ఉంది. ఇక్కడ నేరుగా మూడో మెట్టు దగ్గరే మొదలుపెడతారు. గుంత తవ్వడం తేలికే. వందల ఏళ్లుగా నీళ్లు నడిచొచ్చిన పల్లాన్ని ఏ పొక్లెయిన్‌తో తవ్వుతారు?

మా ఊరి రోడ్డుకి సర్వే ఏప్రిల్‌లో జరిగింది. వచ్చినవాళ్లు జీపును వాగు మధ్యలో ఇసుకలోనే ఆపుకుని, ఒడ్డున కానుగ చెట్టు కింద భోంచేసి వెళ్లారు.