కేజీఎఫ్ వెళ్లొచ్చాం: చూడాల్సింది బంగారం కాదు

కేజీఎఫ్ అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, కర్ణాటకలోని పాత బంగారు గనుల ఊరు. కుప్పంలో రైలెక్కి బంగారుపేటలో దిగాం. అక్కడి నుంచి మారికుప్పం బండి. కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ అంటూ గనుల పేర్లే స్టేషన్లుగా వస్తుంటాయి. పగటిపూట బళ్లు తక్కువ, టైము చూసుకోకపోతే మాలాగే ప్లాట్‌ఫారం మీద గంటలు లెక్కపెట్టాలి.

సినిమా చూసి గనిలోకి దిగుదామని వచ్చేవాళ్లకు ముందే చెబుతున్నా. "లోపలికి ఇడవరన్నా, గేటు కాడ నిలబడి చూడాల్సిందే" అన్నాడు ఆటో అబ్బాయి. వాళ్ల తాత, నాయన ఇద్దరూ గని కూలీలేనట. గేటు బయటి నుంచి తుప్పు పట్టిన ఇనుప టవరు, పైన చక్రం కనిపిస్తాయి. ఆ చక్రం తాడు మీదే మనుషులు దిగేవాళ్లు. ఛాంపియన్ రీఫ్ గని లోతు మూడు కిలోమీటర్ల పైమాటే. 1880లో బ్రిటిష్ వాళ్ల జాన్ టేలర్ కంపెనీ వచ్చాక ఊరు పెరిగింది. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి ఇక్కడికి కరెంటు లాగారు, అప్పటికి బెంగళూరుకే కరెంటు లేదు! లోతుకు పోయేకొద్దీ ఖర్చు పెరిగి, రాతిలో బంగారం తగ్గి, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. మా కుప్పం పక్కనున్న బిసానత్తం, చిగురుగుంట గనులూ అప్పుడు వీటిని నడిపిన ప్రభుత్వ కంపెనీ భారత్ గోల్డ్ మైన్స్‌వే, అవీ మూతపడ్డాయి.

నాకు గుర్తుండిపోయింది మాత్రం సైనైడ్ గుట్టలు. రాతిపొడి నుంచి సైనైడ్‌తో బంగారం తీసేశాక పారబోసిన మట్టి, ఊరి మధ్య చదునైన కొండల్లా నిలిచింది. గాలి లేచిందంటే ఆ దుమ్మంతా కూలీల లైన్ ఇళ్ల మీదే. వేసవిలో పోయేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

బసకు రాబర్ట్‌సన్‌పేటలో ఒక లాడ్జి తీసుకున్నాం. వేడినీళ్లు ఉంటాయన్నారు, తీరా చూస్తే బకెట్‌కు వేరే డబ్బులు. దుప్పటి సంగతి చెప్పను. రాత్రికి కోలారులోనో బంగారుపేటలోనో ఉండటం మేలు. తిండికి మాత్రం ఢోకా లేదు, మార్కెట్ వీధిలో ఇడ్లీ తిని రెండోసారి అడిగాం. భాషకూ ఇబ్బంది లేదు, తమిళం ఎక్కువైనా తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారు.

కమ్మసంద్ర కోటిలింగేశ్వరం దారిలోనే ఉంది. 108 అడుగుల లింగం ముందు జనమంతా సెల్ఫీల్లో ఉన్నారు, మేం అరగంటలో బయటపడ్డాం.

1964లో మొదలైన బెమెల్ (భారత్ ఎర్త్ మూవర్స్) కంపెనీ ఫ్యాక్టరీ ఈ ఊళ్లో బుల్డోజర్లు తయారుచేస్తూ ఇంకా నడుస్తోంది. కానీ ఊరందరికీ అక్కడ పని ఎక్కడ దొరుకుతుంది? మేం తిరుగు బండి కోసం నిలబడితే బెంగళూరు రైలొచ్చి ఆగింది. టిఫిన్ క్యారియర్లతో దిగిన జనంతో ప్లాట్‌ఫారం నిండిపోయింది. మళ్లీ తెల్లవారకముందే ఈ బండే ఎక్కాలట వాళ్లు.