సెరిలాగ్‌తో లాగ్‌లు ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుల్లోకి: ఆరేళ్ల వాడకం తర్వాత

సంక్రాంతి ముందు వారం పార్సెల్ ఆఫీసులో నిలబడ్డవాళ్లకు అక్కడి హడావుడి చెప్పక్కర్లేదు. మా సాఫ్ట్‌వేర్ నడిచేది అక్కడే. విజయవాడ కేంద్రంగా నడిచే ఒక పార్సెల్ సర్వీసుకి బుకింగ్, డెలివరీ, కౌంటర్ల లెక్కలు చూసే అప్లికేషన్ అది. డాట్‌నెట్‌లో రాశాం, డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్. 2019 దాకా లాగ్‌లన్నీ, అంటే ప్రోగ్రాం ఏం చేసిందో రాసుకునే లైన్లన్నీ, టెక్స్ట్ ఫైళ్లలోకి వెళ్లేవి. రాజమండ్రి కౌంటర్ నుంచి "ఫలానా ఎల్ఆర్‌కి పార్టీకి మెసేజ్ పోలేదండీ" అని ఫోనొస్తే (ఎల్ఆర్ అంటే పార్సెల్ రసీదు, పార్టీ అంటే కస్టమర్), రెండు వెబ్ సర్వర్లలోకీ, ఎస్సెమ్మెస్‌లు పంపే మెషిన్‌లోకీ రిమోట్ డెస్క్‌టాప్‌తో ఒక్కొక్కదానిలోకి వెళ్లి ఆ నంబరు వెతికేవాళ్లం. అవతల మనిషి అంతసేపూ లైన్లోనే ఉండేవాడు.

ఆ ఏడాదే సెరిలాగ్ అనే డాట్‌నెట్ లాగింగ్ లైబ్రరీకి మారి, దాని ఎస్‌క్యూఎల్ సర్వర్ సింక్‌తో (లాగ్‌ని చేరాల్సిన చోట రాసే భాగం) లాగ్‌లను టేబుల్లో రాయడం మొదలుపెట్టాం. లాగ్‌లను రిలేషనల్ డేటాబేస్‌లో పెట్టొద్దని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెప్పే ఇబ్బందుల్లో కొన్ని మాకూ వచ్చాయి. అయినా మాలాంటి చిన్న టీముకి ఇదే సరైన దారి అని ఆరేళ్ల తర్వాత కూడా నమ్ముతున్నాను.

కారణం ఒక్కటే, జాయిన్, అంటే రెండు టేబుళ్లను కలిపి చదవడం. మా సపోర్ట్‌లో ఉండే అమ్మాయికి సీషార్ప్ రాదు, కానీ సెలెక్ట్ క్వెరీలు బాగా వచ్చు. లాగ్ టేబుల్లో ఎల్ఆర్ నంబరుకి, బ్రాంచ్ కోడ్‌కి విడిగా కాలమ్‌లు పెట్టాం. ఆ కాలమ్‌ని బుకింగ్ టేబుల్‌తో కలిపితే పార్సెల్ ఎప్పుడు ఎక్కింది, ఎప్పుడు దిగింది, మెసేజ్ పంపమని ఎన్నిసార్లు ప్రయత్నించాం, గేట్‌వే ఏమని జవాబిచ్చింది, అన్నీ ఒకే వరుసలో వస్తాయి. ఫోన్ పెట్టకముందే ఆమె జవాబు చెప్పేస్తుంది. ఇంతకుముందు ఆ పని కోసం డెవలపర్ ఒకరు చేతిలో పని ఆపి లేవాల్సి వచ్చేది.

ఇది కుదరాలంటే లాగ్ రాసే పద్ధతి మారాలి. సెరిలాగ్‌లో మెసేజ్‌ని టెంప్లేట్‌గా రాసి, విలువలను పేర్లతో విడిగా ఇవ్వాలి. అప్పుడే ఎల్ఆర్ నంబరు ఒక ప్రాపర్టీగా మిగిలి, కాలమ్‌లోకి చేరుతుంది. సీషార్ప్‌లో డాలర్ గుర్తు పెట్టి స్ట్రింగ్‌ని ముందే అతికించేస్తే అది ఉత్త వాక్యమే అవుతుంది, కాలమ్ ఖాళీగా ఉంటుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఈ తప్పు చేస్తారు. కోడ్ రివ్యూలో నేను మొదట చూసేది ఇదే.

ఆ ఆప్షన్ ఆన్ చేస్తే సింక్ తనే టేబుల్ తయారుచేస్తుంది. మొదట్లో అలాగే వదిలేశాం, వదలాల్సింది కాదు. అప్రమేయంగా ప్రాపర్టీలన్నీ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఒక కాలమ్‌లో పడతాయి, ఐడీ మామూలు ఇంట్, టైమ్ సర్వర్ లోకల్ టైమ్. మాకు ఒక సర్వర్ క్లౌడ్‌లో యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడిచేది, రెండోది మన టైమ్‌లో. ఒకే పార్సెల్ కథ 5 గంటల 30 నిమిషాల తేడాతో రెండు ముక్కలయ్యేది. డెలివరీ అయ్యాక బుకింగ్ జరిగినట్టు కనిపిస్తే ఎంత కంగారో ఊహించండి. ఇప్పుడు టేబుల్ మేమే రాసుకుంటాం. ఐడీ బిగ్‌ఇంట్ (ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే రకం), టైమ్ యూటీసీ, ఎక్స్‌ఎంఎల్ కాలమ్ తీసేసి జేసన్ కాలమ్. జేసన్ లోపలి విలువలను ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి క్వెరీలోనే చదవొచ్చు. అప్లికేషన్ లాగిన్‌కి ఆ టేబుల్ మీద సెలెక్ట్, ఇన్సర్ట్ తప్ప వేరే హక్కు లేదు.

ఇంకో మాట, తెలుగు గురించి. మా పాత మాడ్యూల్ ఒకటి లాగ్‌ఫోర్‌నెట్ అనే ఇంకో లాగింగ్ లైబ్రరీతో రాసేది. దాని నమూనా స్క్రిప్టులో మెసేజ్ కాలమ్ వార్‌కార్ 4000, మామూలుగా తెలుగు అక్షరాలు పట్టని రకం. దాన్నే కాపీ చేసుకున్నాం. కౌంటర్లో తెలుగులో టైపు చేసిన పేర్లన్నీ లాగ్‌లో ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. అలా రాసిన పాత లైన్లలో ఆ పేర్లు ఇక ఎప్పటికీ తిరిగి రావు. సెరిలాగ్ సింక్ మొదటి నుంచీ అన్ని లిపులూ పట్టే ఎన్‌వార్‌కార్ వాడుతుంది కాబట్టి ఆ బాధ లేదు.

అన్నిటికంటే ఎక్కువ రోజులు మమ్మల్ని తిప్పింది ట్రాన్సాక్షన్, అంటే అన్నీ జరగాలి లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట. స్టోర్డ్ ప్రొసీజర్‌లో (డేటాబేస్‌లోనే ఉండే ప్రోగ్రాం) ఏదైనా విఫలమైతే ఎర్రర్ టేబుల్లో ఒక ఇన్సర్ట్ చేయడం మాకు పాత అలవాటు. డెలివరీ ముగించే ప్రొసీజర్ అప్పుడప్పుడు ఆగిపోయేది. వెళ్లి చూస్తే ఎర్రర్ టేబుల్ ఖాళీ. వారాల తరబడి అర్థం కాలేదు. చివరికి తేలిందేమిటంటే, ఆ ఇన్సర్ట్ అదే ట్రాన్సాక్షన్ లోపల జరుగుతోంది. వెనకే రోల్‌బ్యాక్ (చేసిన మార్పులన్నీ రద్దు చేయడం) వచ్చి, విఫలమైన పనితోపాటు దాని గురించి రాసిన లైన్‌ని కూడా చెరిపేస్తోంది. ఇప్పుడు క్యాచ్‌లో (తప్పు వస్తే నడిచే భాగం) ముందు రోల్‌బ్యాక్, ఆ తర్వాతే లాగ్. మధ్యలో దశల వివరాలు కావాలంటే టేబుల్ వేరియబుల్లో పోగుచేస్తాం, దానికి రోల్‌బ్యాక్ వర్తించదు. టెంపరరీ టేబుల్‌కి వర్తిస్తుంది, కాబట్టి అది పనికిరాదు. సెరిలాగ్ సింక్ అయితే సొంత కనెక్షన్ మీద, వెనక వేరుగా రాస్తుంది. మన ట్రాన్సాక్షన్ ఏమైనా లాగ్ నిలుస్తుంది.

అలా వెనక రాయడంలో ఇంకో రకం ఇబ్బంది ఉంది. సింక్ ప్రతి ఈవెంట్‌నీ అప్పటికప్పుడు రాయదు. అప్రమేయంగా 50 ఈవెంట్ల బ్యాచ్‌లు, 5 సెకన్ల వ్యవధి. అందుకే అప్లికేషన్ వేగం తగ్గదు. కానీ ప్రాసెస్ ఉన్నట్టుండి పడిపోతే ఆఖరి సెకన్ల లైన్లు మెమరీలోనే పోతాయి, అసలు మనకు కావాల్సినవి అవే. మామూలుగా ఆగేటప్పుడు, మిగిలిన లైన్లన్నీ రాసి ముగించే క్లోజ్ అండ్ ఫ్లష్ పిలవాలి. మా ఎస్సెమ్మెస్ సర్వీసులో ఆ ఒక్క లైను లేక చాలా రోజులు అవస్థ పడ్డాం. డబ్బు చేతులు మారే చోట, అంటే టు-పే పార్సెళ్ల (అందుకునేవాళ్లే డబ్బు కట్టేవి) వసూలు దగ్గర, ఆడిట్ సింక్ వాడుతున్నాం. అది ఒక్కో ఈవెంట్‌నీ వెంటనే రాస్తుంది, రాయలేకపోతే ఎక్సెప్షన్ మన కోడ్‌కే వస్తుంది.

మామూలు సింక్ అలా కాదు. టేబుల్లో రాయడం కుదరకపోయినా అప్లికేషన్‌కి ఏమీ చెప్పదు. ఒకసారి డేటాబేస్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చి, లాగ్ కనెక్షన్‌లో మార్చడం మర్చిపోయాం. రెండు రోజులపాటు ఒక్క లైనూ పడలేదు. తప్పులేమీ రావట్లేదని సంతోషించాం కూడా. ఆ తర్వాత సెరిలాగ్ తన సొంత తప్పులు చెప్పే సెల్ఫ్‌లాగ్ ఆన్ చేసి ఒక ఫైల్లోకి మళ్లించాం. దాంతోపాటు వార్నింగ్, ఆపై స్థాయి ఈవెంట్లు మామూలు ఫైల్లో కూడా రాస్తాం. డేటాబేస్ పడిపోయినప్పుడు, అది ఎందుకు పడిందో చెప్పే లాగ్ ఆ డేటాబేస్‌లోనే ఉంటే ఏం లాభం?

2021 సంక్రాంతి ఇంకా గుర్తుంది. మొదట్లో లాగ్ టేబుల్‌ని బుకింగ్ డేటాబేస్‌లోనే పెట్టాం. మాది ఉచితంగా వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్, అప్పటి వెర్షన్లలో ఒక్కో డేటాబేస్ 10 జీబీ దాటకూడదు. పండగ రద్దీలో లాగ్ ఆ చోటంతా తినేసింది. 1105 నంబరు ఎర్రర్‌తో బుకింగులు ఆగిపోయాయి. కౌంటర్ల ముందు జనం, ఫోన్లు ఆగట్లేదు. అంత టెన్షన్ నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ పడలేదు. పాత లాగ్‌లు తీసేద్దామని ఒకే డిలీట్ కొట్టాను, అది ఇంకా పెద్ద తప్పు. ఒక స్టేట్‌మెంట్ దాదాపు 5,000 లాక్‌లు (వేరేవాళ్లు ముట్టుకోకుండా వేసే తాళాలు) దాటితే ఎస్‌క్యూఎల్ సర్వర్ వాటిని టేబుల్ లాక్‌గా మార్చేస్తుంది. పైగా చెరిపే ప్రతి వరుసా ట్రాన్సాక్షన్ లాగ్ ఫైల్లోకి ఎక్కుతుంది, డిస్కు నిండడం మొదలైంది. దాన్ని ఆపి, 4,000 వరుసల చొప్పున చిన్న ముక్కలుగా తీసేసరికి తెల్లారింది.

ఆ వారమే లాగ్‌లకు వేరే డేటాబేస్ పెట్టాం. ఆ పరిమితి ఒక్కో డేటాబేస్‌కి విడిగా ఉంటుంది కాబట్టి లాగ్ ఎంత పెరిగినా బుకింగ్‌ని ముట్టుకోలేదు. దాని రికవరీ మోడల్ సింపుల్, బ్యాకప్ వారానికొకసారి చాలు. జాయిన్ పోతుందేమోనని భయపడ్డాను, పోలేదు. ఒకే సర్వర్లో రెండు డేటాబేస్‌ల టేబుళ్లను కలిపి క్వెరీ రాసుకోవచ్చు.

తర్వాత టేబుల్‌ని నెలవారీ పార్టిషన్లుగా, అంటే నెలకొక ముక్కగా, విడగొట్టాం. 2016 సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఈ సౌకర్యం ఎక్స్‌ప్రెస్‌లో కూడా ఉంది. క్లస్టర్డ్ కీలో టైమ్ కాలమ్ ఉండాలి, ఇండెక్స్‌లన్నీ అదే పార్టిషన్ స్కీమ్ మీద ఉండాలి. అప్పుడు పాత నెలని ట్రంకేట్‌తో ఒక్క క్షణంలో ఖాళీ చేయొచ్చు. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (వేళకి పనులు నడిపే సర్వీసు) ఉండదు కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్ నుంచి ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే కమాండ్ టూల్ నడుపుతాం. మూడు నెలల లాగ్ ఉంచుతాం. ఫోన్ నంబర్లలో చివరి నాలుగు అంకెలే రాస్తాం, ఓటీపీలు అసలు రాయం. టేబుల్లో ఉన్నదాన్ని ఎవరైనా ఎక్సెల్‌లోకి దింపుకోగలరు, ఫైళ్ల కాలంలో ఈ ఆలోచనే రాలేదు.

మెసేజ్ మధ్యలో ఉన్న మాటని ఎస్‌క్యూఎల్ లైక్‌తో వెతకడం మాత్రం ఇప్పటికీ నెమ్మదే. ముందు తేదీ, బ్రాంచ్‌తో వడగట్టి ఆ తర్వాత వెతకమని అందరికీ చెప్పాం. రోజుకి కోట్ల ఈవెంట్లు వచ్చే చోట, ఉత్త మాటల వెతుకులాటే ఎక్కువైన చోట ఈ పద్ధతి వద్దు. అక్కడికి ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి సెర్చ్ ఇంజిన్లు తీసుకోండి. మాకు సంక్రాంతికి కూడా అంత రాదు. ఈసారి పండగలోపు చేయాలనుకుంటున్నది ఒక్కటే: నిమిషానికోసారి వచ్చే హెల్త్ చెక్ (సర్వీసు నడుస్తోందా అని చూసే) లైన్లను టేబుల్లోకి రాకుండా ఫిల్టర్ చేయాలి. వాటిని ఇన్నేళ్లలో ఎవరూ ఒక్కసారి కూడా చదవలేదు.