సింగపూర్ మెట్రో నుంచి సఖినేటిపల్లి పంటు దాకా

2014లో సింగపూర్ వెళ్లినప్పుడు నా ఫోన్లో ఒక ఎక్సెల్ షీట్ ఉండేది. ఐదు రోజులు, ఇరవై రెండు చోట్లు. పొద్దున ఎనిమిదికి ఎంఆర్‌టీ, అంటే అక్కడి మెట్రో రైలు, ఎక్కితే మళ్లీ గదికి చేరేది రాత్రి పదకొండుకే. మెరీనా బే శాండ్స్ 57వ అంతస్తు ఎక్కి ఊరంతా చూశాం. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్‌లో దోసె తిన్నాం. అప్పట్లో ఏ హోటల్ గురించైనా నేను అడిగేది ఒకటే: స్టేషన్‌కి ఎంత దూరం? ఢిల్లీ, ముంబై, బ్యాంకాక్ కూడా అలాగే తిరిగాను. ఆ ఊళ్లను తక్కువ చేయను. రాత్రి పొద్దుపోయాక ఒక్కదాన్నే నడుచుకుంటూ గదికి రాగలిగానంటే అది సింగపూర్ ఇచ్చిన ధైర్యమే. కానీ ఇంటికొచ్చి ఫొటోలు తిప్పుతుంటే ఏది ఏ రోజు తీశామో మా ఆయనకీ నాకూ గుర్తొచ్చేది కాదు.

కాస్త ప్రశాంతంగా ఉంటుందని డిసెంబరులో అరకు వెళ్లాం. విశాఖ నుంచి కిరండూల్ రైలు, అద్దాల బోగీ, యాభైకి పైగా సొరంగాలు. దారి మాత్రం అద్భుతం. దిగాక తెలిసింది, సగం హైదరాబాద్ అక్కడే ఉందని. వలిసె పూల చేలన్నీ ఫొటోల కోసం తొక్కేసి ఉన్నాయి. గది అద్దె మామూలు రోజులకి రెండింతలు. లంబసింగిలో మంచు కోసం గుడారంలో పడుకుంటే, పక్క గుడారాల వాళ్ల స్పీకర్లు అర్ధరాత్రి దాటినా ఆగలేదు. నిర్వాహకుణ్ణి పిలిచి చెప్పినా పట్టించుకోలేదు. పల్లెకి వెళ్లినంత మాత్రాన పల్లె దొరకదని ఆ రాత్రి అర్థమైంది. అదే అరకుకి మరో ఏడాది ఆగస్టులో వెళ్తే మనుషులే పల్చన. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో పచ్చికాయల మీదున్న కాఫీ మొక్కలు, ఆగి ఆగి పడే వాన. నన్నడిగితే అరకుకి అదే కాలం.

నా అభిరుచి పూర్తిగా మారింది మాత్రం కోనసీమలో. రాత్రి హైదరాబాద్‌లో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే పాలకొల్లులో దిగొచ్చు. అక్కణ్ణుంచి చించినాడ వంతెన మీదుగా వశిష్ట గోదావరి దాటితే దిండి. ఏటి ఒడ్డున రిసార్టులున్నాయి, ఏసీ గదులు, హౌస్‌బోట్లు కూడా. ఒక రాత్రి ఒక రిసార్టులో ఉన్నాం. శుభ్రంగా ఉంది, పేరు పెట్టేదేమీ లేదు. కానీ బఫేలో పనీర్ బటర్ మసాలా చూసి నాకు మనసొప్పలేదు. మర్నాడు రాజోలు వైపు కాలవ గట్టున ఒక పెంకుటింటికి మారాం. రెండు గదులు అద్దెకిస్తారు. వోల్టేజీ చాలక రాత్రి ఏసీ ఆడలేదు, దోమతెర కట్టుకున్నాం. బాత్రూం మాత్రం తళతళలాడుతోంది. ఇంటావిడ వండిన చింతచిగురు రొయ్యలు, ముద్దపప్పు, ఆవకాయ మాతో వచ్చిన నాన్నగారు రెండు పూటలా అడిగి వేయించుకున్నారు.

ఆ ఇంటి వెనక తోటలో ఆ వేళ కొబ్బరి దింపు. దింపిన కాయలు పోగేశాక ఒలుపు మొదలైంది. నేలలో పాతిన గునపం మొన మీద కాయని బలంగా దిగేసి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పితే డొక్క, అంటే పైపీచు, చీలిపోతుంది. మూడో తిప్పుకి కాయ చేతిలోకి వస్తుంది. ఆ మనిషి అరచేతులు చెట్టు బెరడులా ఉన్నాయి. కాయ లెక్కన కూలి కాబట్టి ఆగడానికి వీల్లేదు. అయినా మమ్మల్ని చూసి, "ఆయ్, అలా నీడలో కూకోండి, బొండం కొట్టిస్తాను" అన్నాడు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. ఇరవై రెండు చోట్ల షీట్ పట్టుకు తిరిగిన నేను ఒక్క చోటు కూడా చూడకుండా ఒక పూట గడిపాను, అయినా ఏదో పోగొట్టుకున్నానన్న బాధ లేదు.

అంతర్వేది వెళ్లి సాయంత్రం నర్సాపురం చేరాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కాలి. బైకులు, ఆటోలు, కార్లు, మధ్యలో పాల క్యాన్లు. ఇంజను మోతలో కూడా పక్కావిడ మమ్మల్ని ఏ ఊరు, ఎవరింటికి అని అడిగి తెలుసుకుంది. చివరి పంటు ఎప్పుడో రేవులో ముందే కనుక్కోండి, తప్పిపోతే చించినాడ మీదుగా చుట్టు తిరిగి రావాలి. భీష్మ ఏకాదశి ముందు రాత్రి అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణం, ఏకాదశి నాడు రథోత్సవం, అప్పుడు గదుల మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇబ్బందులు దాచను. ఫోన్లో బుక్ చేస్తే గుమ్మంలోకొచ్చే క్యాబ్ ఇక్కడ కుదరదు, రోజు మొత్తానికి ఆటో మాట్లాడుకోవాలి. చేతిలో నగదు ఉండాలి. రెండో రాత్రి నాన్నగారికి కడుపునొప్పి వస్తే నాకు గుండె జారిపోయింది. ఇంటాయన తన బండి తీసి, ఆర్‌ఎంపీని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. తెల్లారేసరికి తగ్గింది. సింగపూర్‌లో అయితే అంబులెన్స్‌కి ఫోన్ చేసేదాన్ని. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మందులు, డాక్టరు చీటీలు వెంట పెట్టుకోండి. దగ్గర్లో పెద్దాసుపత్రి ఎక్కడుందో దిగిన రోజే కనుక్కోండి.

ఇప్పుడు గది అడిగేటప్పుడు స్టేషన్ దూరం అడగను. వంట ఎవరు చేస్తారు, అరుగుందా, ఆ వారంలో పెళ్లిళ్లు, మైకులు ఉన్నాయా అని అడుగుతాను. వచ్చే గోదావరి వరదల కాలానికి అదే ఇల్లు మాట్లాడాం. పులస దొరికితే వండుతానంది ఇంటావిడ, దొరక్కపోతే వంకాయ.