పాటల అగ్రిమెంట్ చదివిపెట్టే లాయరమ్మ, తిరుపతి

తిరుపతిలో లాయర్లకు కొదవ లేదు. కానీ ఎవరి దగ్గర చూసినా భూముల తగాదాలు, చెక్ బౌన్సులే. పాటగాడు అగ్రిమెంట్ పట్టుకుపోతే "ఏముందిలేప్పా, సంతకం పెట్టేయ్" అంటారు. బాలాజీ కాలనీలో మేడ మీద ఆఫీసున్న ఈ లాయరమ్మ అలా అనలేదు. వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన, అందుకే పేరు రాయొద్దన్నారు.

గంగమ్మ జాతర మీద నేను కట్టి పాడిన పాటకు ఒక యూట్యూబ్ ఛానల్ ఇరవై వేలు ఇస్తామంటూ పదకొండు పేజీల ఇంగ్లీషు అగ్రిమెంట్ పంపింది. జాతర దగ్గరపడిందని, వెంటనే సంతకం కావాలని ఒకటే ఫోన్లు. టెన్షన్ పెట్టి చంపారు.

ఆమె పెన్సిల్ తీసుకుని ప్రతి క్లాజూ తెలుగులో చెప్పుకుంటూ వచ్చారు. నాలుగో పేజీలో ఆగారు. "చూడన్నా, రాసినందుకు, బాణీ కట్టినందుకు, పాడినందుకు మూడు హక్కులుంటాయి. మూడూ ఒకే ముక్కలో శాశ్వతంగా రాయించుకుంటా ఉండారు." హక్కు ఎన్నేళ్లకో రాయకపోతే కాపీరైట్ చట్టం 5 ఏళ్లకే అనుకుంటుంది, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని వాళ్లు అంత శ్రద్ధగా రాసుకునేది అందుకేనట. రాయల్టీ, అంటే పాట వాడుకున్నప్పుడల్లా రావాల్సిన డబ్బు, మొత్తం వదులుకున్నట్టు ఒక లైను ఉంటే నవ్వి కొట్టేశారు. ఆ చట్టానికి 2012లో జరిగిన సవరణ తర్వాత పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను కంపెనీకి వదిలేస్తూ సంతకం పెట్టినా చెల్లదు. పలక కొట్టిన మా బావ ఊసే ఆ కాగితంలో లేదు. వాయించినవాళ్లకీ ప్రదర్శకుల హక్కు ఉంటుంది, వాయించిన ఏడాదికి తర్వాతి ఏడాది మొదలు 50 ఏళ్లు. పేరు వేయమని అడగడమూ అందులో భాగమే.

నాకు బాగా నచ్చింది మాత్రం పల్లవి సంగతి. అది మా అవ్వ జాతరలో పాడేది, ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు. అగ్రిమెంట్‌లోనేమో పాటంతా నా సొంతమేనని, ఎవరైనా కేసు వేస్తే ఖర్చంతా నాదేనని ఉంది. "పల్లవి ఊరిది, చరణాలు నీవి. అట్లే రాద్దాం" అన్నారు. అట్లే రాయించారు. పాటంతా నా పేర రిజిస్టర్ చేయించమంటే ఒప్పుకోలేదు. చరణాల వరకు కావాలంటే 500 రూపాయల ప్రభుత్వ ఫీజుతో చేసుకోవచ్చు గానీ, రాసినప్పుడే హక్కు పుడుతుంది కాబట్టి తప్పనిసరేం కాదన్నారు. ఇంకొకరైతే చేయించి ఫీజు గుంజేవాళ్లే.

చివరికి 5 ఏళ్ల లైసెన్సుకు, అంటే హక్కు అమ్మకుండా వాడుకునే అనుమతికి కుదిరింది, వీడియోలో బావ పేరు కూడా పడుతుంది. ఛానల్ వాళ్లు డబ్బు పదిహేను వేలకు దించారు. సరే అన్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. కోర్టున్న రోజుల్లో సాయంత్రం ఆరు దాటితేగానీ దొరకరు. ఫోన్ ఎత్తరు. క్లర్కును అడిగితే "వస్తా ఉండారు" అంటాడు, గంట గడిచినా అదే మాట. చదివిపెట్టినందుకు మూడు వేలు, ఛానల్‌కు ఉత్తరాలు రాసినందుకు ఇంకో రెండు వేలు తీసుకున్నారు. పనికి అది ఎక్కువ కాదు. కానీ తెలుగు ప్రతికి మళ్లీ వెయ్యి అడగడం నాకు నచ్చలేదు. ఇంగ్లీషు రానివాళ్లమనే కదా ఆమె దగ్గరికి పోయేది!

అంత పెట్టుకోలేనివాళ్లు 15100కి ఫోన్ చేసి న్యాయసేవాధికార సంస్థను అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. అయితే పాటల సంగతి తెలిసినవాళ్లే దొరుకుతారన్న నమ్మకం లేదు.

ఈమె దగ్గరికే వెళ్లేటట్టయితే సంతకం పెట్టకముందే వెళ్లండి. ఛానల్ వాళ్లతో నడిచిన వాట్సాప్ మాటలు కూడా ప్రింట్ తీయించుకుని పోండి, ఫోన్‌లో పీడీఎఫ్ చూపిస్తే ఆమె చదవరు. కిందనే జిరాక్స్ షాపుంది.